పొంగని ముద్దే అసలు పాఠం

జొన్నరొట్టె తిని పెరిగిన ఊళ్లో పిల్లలతో డబుల్ రొట్టె చేయిస్తే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ ఒకే గిన్నెలో కనిపిస్తాయి. షరతు ఒక్కటే. ఒక ముద్దను కావాలని చెడగొట్టాలి.

నల్లగొండ జిల్లా చిట్యాల చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు ఇంటికి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో జరం వచ్చిందని లెక్క. పాలల్లో ముంచుకుని తింటే నోటికి హితవుగా ఉంటుందని ఒక పాకెట్ తెచ్చేవారు. నార్కట్‌పల్లి ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని చూడబోయినా అంతే, అర డజను బత్తాయిలు, ఒక బ్రెడ్డు. హైదరాబాద్-విజయవాడ రహదారి పొడుగునా బేకరీలు వచ్చాక ఆ ముద్ర కొంత చెరిగింది. ఇప్పుడు పిల్లలకు బ్రెడ్డంటే క్రీమ్ బన్ను, పుట్టినరోజు కేకు పక్కన పెట్టే ఎగ్ పఫ్. అయినా అది ముక్కలు కోసి, కాగితం చుట్టి ఇంటికి వచ్చే సరుకే. అది ఎట్లా తయారయిందో చూసిన పిల్లలు తక్కువ.

జొన్నరొట్టె సంగతి వేరు. నాయనమ్మ పిండిలో ఉడుకు నీళ్లు పోయడం, పీట మీద చేత్తో తడుతూ గుండ్రంగా చేయడం, పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన అద్దడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఇప్పుడు చుట్టూ వరి, పత్తి, బత్తాయి తోటలే ఎక్కువైనా రాత్రిపూట రొట్టె తట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఒక రొట్టె చేతి కింద పలచగా సాగుతుంది. ఇంకోటి గిన్నెలో దానంతటదే లేచి కూర్చుంటుంది. రెండూ పిండి, నీళ్లే కదా, మరి ఈ తేడా ఎక్కడిది? ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో ఉన్న పిల్లలకు ఒక ఆదివారం మొత్తం ఈ ప్రశ్న సరిపోతుంది.

ముందు సీసాలు, బుగ్గలు

పిండి ముట్టుకోకముందు ఈస్ట్ సంగతి తేల్చుకోవాలి. కేకు సామాను అమ్మే దుకాణంలోనో, పెద్ద కిరాణంలోనో ఇన్‌స్టంట్ ఈస్ట్ చిన్న పొట్లాల్లో దొరుకుతుంది. ఆవాలకంటే సన్నగా, గోధుమరంగు పలుకుల్లా ఉంటుంది. అవి ఎండబెట్టిన జీవకణాలని చెబితే పిల్లలు నమ్మరు. నమ్మనక్కర్లేదు కూడా, పరీక్ష పెడదాం.

అర లీటరు నీళ్ల సీసాలు మూడు తీసుకోండి. మొదటిదాంట్లో గోరువెచ్చని నీళ్లు, రెండు చెంచాల చక్కెర, ఒక చెంచా ఈస్ట్. రెండోదాంట్లో నీళ్లు, ఈస్ట్ మాత్రమే. మూడోదానికి ఈస్ట్‌ను నీళ్లలో వేసి ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, ఆ తర్వాత చక్కెర కలిపి పోయండి. మూడింటి మూతికీ బుగ్గలు తొడగండి. ఏ బుగ్గ ఉబ్బుతుందో ముందే కాగితం మీద రాయించండి. ఈ రాయించడం చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే మిగిలేది తమాషా చూడటమే.

ఏప్రిల్ ఎండలో అరగంట తిరగకుండానే మొదటి బుగ్గ నిలబడుతుంది. రెండోది కొద్దిగా కదిలితే కదులుతుంది. మూడోది మూతి మీద వేలాడుతూ ఉండిపోతుంది. మొదటి సీసాలో ఉన్నవన్నీ మూడోదాంట్లోనూ ఉన్నాయి. లేనిది ప్రాణం ఒక్కటే. ఈస్ట్ కణాలు దాదాపు 55-60 డిగ్రీల వేడికి చచ్చిపోతాయి. ఈస్ట్‌లో ఏదో మందు కలిసి గ్యాసు వస్తోందనుకునే పిల్లవాడికి ఆ వాలిపోయిన బుగ్గను మించిన జవాబు లేదు.

ఆ గ్యాసు ఏమిటో కూడా ఇంట్లోనే తేలుతుంది. పాన్ డబ్బా నుంచి తెచ్చిన సున్నాన్ని నీళ్లలో కలిపి రాత్రంతా కదలకుండా ఉంచితే పైన తేట నిలుస్తుంది. బుగ్గలోని గాలిని సన్నగొట్టంతో ఆ తేటలోకి వదిలితే తెల్లబడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్. మనం గొట్టంతో ఊదినా తెల్లబడుతుంది. సున్నం కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి ఆ పని పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి, ఊదేటప్పుడు లోపలికి పీల్చకుండా పిల్లల పక్కనే ఉండాలి.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లలుంటే ఇంకో మెట్టు ఎక్కించవచ్చు. ఐదు గ్రాముల చక్కెరను ఈస్ట్ పూర్తిగా పులియబెడితే మన ఎండాకాలపు గది వేడిలో వచ్చే గ్యాసు దాదాపు ఒకటిన్నర లీటర్లు. ఒక్క చెంచా తీపిలో మూడు నీళ్ల సీసాలు నిండేంత గాలి దాగి ఉందన్నమాట.

గౌడన్న కుండలో ఉన్నది ఇదే

నల్లగొండ పిల్లలకు ఈస్ట్ పొట్లం కొత్త గానీ ఈస్ట్ కొత్తది కాదు. తెల్లారి చెట్టు మీద నుంచి దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుపెక్కుతుంది, నురగ కడుతుంది, ఘాటెక్కుతుంది. అందులో ఎవరూ ఏ పొడీ వేయలేదు. కుండకు అంటుకుని ఉన్నవి, గాలిలోంచి, పురుగుల కాళ్ల నుంచి చేరినవి అయిన ఈస్ట్‌లు, బ్యాక్టీరియాలు కలిసి గీత గీసినచోట ఊరే తీపిరసాన్ని చెట్టు మీద ఉండగానే తినడం మొదలుపెడతాయి. తీపి తరిగి ఆల్కహాల్, గ్యాసు పెరుగుతాయి. గోవాలో పాత తరం రొట్టెలవాళ్లు పావ్ పొంగడానికి పిండిలో కల్లే కలిపేవారు. మలబారులో అప్పాల పిండికీ అదే.

మరి నీరా ఎందుకు పులియదు? కుండ లోపల సున్నం పూస్తారు కాబట్టి. సున్నపు క్షారంలో ఈ జీవులు పెరగలేవు. గ్యాసును పట్టించిన సున్నమే ఇక్కడ గ్యాసు పుట్టకుండా చేస్తోంది. ఒక పదార్థం రెండు పనులు చేయడం పిల్లలకు భలే నచ్చుతుంది. పిల్లలకు కల్లు చూపించాల్సిన పనిలేదు, ఈ ప్రశ్న అడిగితే చాలు.

ఈస్ట్‌ను సూక్ష్మదర్శినిలో మొదట చూసినవాడు హాలెండ్ బట్టల వ్యాపారి లీవెన్‌హుక్, 1680లో. అవి ప్రాణమున్నవని ఆయన అనుకోలేదు. పులియడం అంటే బతికున్న కణాలు చేసే పని అని లూయీ పాశ్చర్ 1850ల చివర్లో వాదించాడు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో నూరి, కణాలన్నీ పగలగొట్టి, పిండిన రసంతోనే చక్కెరను పులియబెట్టాడు. దానికి 1907లో నోబెల్ వచ్చింది. కణం చచ్చినా దాని లోపలి ఎంజైములు పని చేస్తాయని తేలింది. అట్లయితే మన మూడో సీసా ఎందుకు ఉబ్బలేదు? మరిగించినప్పుడు కణంతోపాటు ఎంజైములూ చెడిపోయాయి. బుక్నర్ నూరాడు, మనం ఉడకబెట్టాం.

ఇక్కడే మన మనిషి ఒకాయన కథలోకి వస్తాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈస్ట్ చక్కెరను తినేది మన బ్రెడ్డు కోసం కాదు, తన బతుకుకు కావాల్సిన శక్తి కోసం. ఆ శక్తిని కణం చిల్లర నాణేల్లా వాడుకునే పదార్థం పేరు ఏటీపీ. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు 1929లో దాన్ని వేరుచేశాడు, అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా. గాలి తగలని పిండిముద్దలో ఈస్ట్ ఒక గ్లూకోజ్ అణువు నుంచి సంపాదించేది రెండు ఏటీపీలే. ఆక్సిజన్ అందితే దాదాపు ముప్ఫై వరకూ వస్తాయి. సంపాదన తక్కువ కాబట్టే బతకడానికి చక్కెరను అంత విపరీతంగా తింటుంది, అంత గ్యాసు వదులుతుంది. రొట్టె పొంగడం వెనక ఉన్నది ఈస్ట్ పేదరికం.

ఈస్ట్‌కూ సుబ్బారావుకూ ఇంకో ముడి ఉంది, నా లెక్కలో ఇదే పెద్దది. 1930ల మొదట్లో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే రక్తహీనతను లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు పరిశోధించింది. ఈస్ట్ సారంతో చేసిన మార్మైట్ అనే ముద్ద తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో పనిచేస్తున్నదేమిటో చాలా ఏళ్లు తెలియలేదు. చివరికి అది ఫోలిక్ ఆసిడ్ అని తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది 1940ల నడుమ అమెరికాలోని లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నడిపిన బృందం. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చిన మందుల్లో ఫోలిక్ ఆసిడ్ ఒకటి. ఇవాళ చిట్యాలలో ఆశా కార్యకర్త గర్భిణికి ఇచ్చే ఐరన్-ఫోలిక్ ఆసిడ్ గోలీ వెనక ఈస్ట్ ముద్ద ఉంది, ఒక తెలుగాయన ఉన్నాడు. పిల్లలకు ఈ కథ పిండి పొంగే గంటలో చెప్పొచ్చు, ఎట్లాగూ కాచుకుని కూర్చోవాల్సిందే.

అదే గంటలో నీళ్ల గురించీ ఒక మాట. నల్లగొండలో నీళ్ల గురించి మాట్లాడితే ఫ్లోరైడ్ గురించి మాట్లాడినట్టే. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి ఈ జిల్లా పేరే పెట్టింది. చక్కెర విరిగే దారిలో ఎనోలేజ్ అనే ఎంజైమును ఫ్లోరైడ్ అడ్డుకుంటుంది. రక్తంలో షుగర్ పరీక్షకు తీసుకునే బూడిదరంగు మూత గొట్టంలో సోడియం ఫ్లోరైడ్ ఉండేది అందుకే, రక్తకణాలు ఆ షుగర్‌ను తినేయకుండా. ఆ గొట్టంలోని మోతాదు మాత్రం తాగునీటిలో ఉండే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి మన నీళ్లతో బ్రెడ్డు పొంగుతుంది, భయం అక్కర్లేదు.

పిండిని కడిగితే ఏం మిగులుతుంది

గ్యాసు పుట్టడం సగం కథే. పుట్టిన గ్యాసు లోపల ఆగాలి. ఈ మిగతా సగానికి జొన్న లేకుండా పాఠం నడవదు.

వంద గ్రాముల మైదాను నీళ్లతో గట్టిగా పిసికి ముద్ద చేయండి. వంద గ్రాముల జొన్నపిండిని చల్లటి నీళ్లతోనే ఇంకో ముద్ద చేయండి. గిర్ని నుంచి అప్పుడే ఆడించి తెచ్చింది అయితే మంచిది. రెండింటినీ అరగంట నీళ్లలో నానబెట్టి, రెండు తలెల్లో నీళ్ల కింద నెమ్మదిగా పిసుకుతూ కడగమనండి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. జొన్నముద్ద కొద్దిసేపటికే కరిగిపోయి చేతిలో ఏమీ మిగలదు. మైదాముద్ద కరిగి కరిగి చివర ఒక సాగే జిగురు ఉండ మిగులుతుంది, పాతిక ముప్ఫై గ్రాముల తడి ముద్ద. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. కడిగిన తెల్లనీళ్లలో దెబ్బలకు పూసే అయోడిన్ మందు ఒక చుక్క వేస్తే నల్లని నీలం. పోయినదంతా పిండిపదార్థమని రుజువు. మిగిలినది గ్లూటెన్.

ఇటలీలోని బొలోన్యా నగరంలో బెక్కారీ అనే ఆచార్యుడు సరిగ్గా ఇట్లాగే గోధుమపిండిని కడిగి 1745లో ఆ సంగతి అచ్చువేశాడు. పరికరం ఏమీ అక్కర్లేదు, పొయ్యి కూడా వెలిగించనక్కర్లేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్కటే చేసే తీరిక ఉంటే ఇది చేయండి, బ్రెడ్డు మానేసినా ఫరవాలేదు.

గోధుమలోని గ్లూటెనిన్, గ్లయడిన్ అనే రెండు ప్రోటీన్లు తడిసి, పిసికినకొద్దీ ఒకదానికొకటి అల్లుకుని వలగా మారతాయి. ఆ వల గ్యాసు బుడగల చుట్టూ సాగి వాటిని పట్టుకుంటుంది. జొన్నలో ప్రోటీన్ లేక కాదు. దానిలోని కఫిరిన్ అనే ప్రోటీన్ చిన్న గుళికల్లో బిగిసి ఉంటుంది, వల అల్లుకోదు. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టే గ్లూటెన్ పడని జబ్బున్నవాళ్లూ దాన్ని తినగలరు.

మరి వల లేని పిండిని నాయనమ్మ రొట్టెగా ఎట్లా తట్టగలుగుతోంది? ఉడుకు నీళ్లతో. దాదాపు 70 డిగ్రీలు దాటితే జొన్నలోని పిండిపదార్థపు రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బి జిగురవుతాయి. ప్రోటీన్ చేయని పనిని పిండిపదార్థంతో చేయిస్తోంది. చల్లటి నీళ్లతో కలిపి తట్టమని పిల్లలకు ఒక ముద్ద ఇవ్వండి, అంచులు పగిలి పీట మీదే ముక్కలవుతుంది.

ఇక్కడ గడుసు పిల్లలెవరైనా ఉంటే అడ్డుపడతారు.

“నాయనమ్మా, మన రొట్టె కూడా పెనం మీద పొంగుతది కదనే?”

“పొంగుతది బిడ్డా. దించంగనే పడిపోతది.”

నాయనమ్మ జవాబులో సగం శాస్త్రం ఉంది. జొన్నరొట్టె ఉబ్బేది ఆవిరితో. లోపలి నీరు ఆవిరై రెండు పొరలను విడదీస్తుంది, చల్లారగానే ఆవిరి నీరై రొట్టె అణిగిపోతుంది. పుల్కా అయినా అంతే. బ్రెడ్డులో గంటసేపు వేలకొద్దీ చిన్న బుడగలు పుడతాయి, కాలేటప్పుడు వాటి గోడలు గట్టిపడతాయి, గ్యాసు పోయినా గూడు నిలుస్తుంది.

నాలుగు గ్లాసులు, ఒక గంజు

ఇప్పుడు బ్రెడ్డు. పావుకిలో మైదా, ఐదు గ్రాముల ఉప్పు, ఒక చెంచా చక్కెర, చెంచాడు ఈస్ట్, 160 మిల్లీలీటర్ల నీళ్లు, చివర్లో ఒక చెంచా నూనె. ఎండలు 40 దాటినప్పుడు ఈస్ట్ సగం చేయండి, నీళ్లు కుండలోవి పోయండి. లేకపోతే పిండి పరుగెత్తి పులిసిపోతుంది. జనవరిలో ఇదే పిండికి రెండు గంటలు పట్టొచ్చు, ఆ తేడాను పిల్లలే చలికాలంలో కొలుస్తారు. పది నిమిషాలు పిసకాలి. పిల్లలు వంతులేసుకుంటే పది నిమిషాలు పెద్ద లెక్క కాదు. పచ్చిపిండి నోట్లో పెట్టుకోనివ్వద్దు.

ఈ పిండిలోంచి ఒక ఉండ తీసి స్టీలు గ్లాసులో వేయండి. పక్కన ఇంకో మూడు గ్లాసులు, ఈస్ట్ లేని మైదా, ఉప్పు ఐదింతలు వేసిన మైదా, ఈస్ట్ వేసిన జొన్నపిండి. ఉండలన్నీ ఒకే బరువు. తేడా ఒక్కొక్క దాంట్లో ఒక్కటే ఉండాలి, ఉప్పు మార్చినదాంట్లో చక్కెర మార్చకూడదు. గ్లాసులోకి కొలబద్ద దించి పావుగంటకోసారి ఎత్తు రాసుకుంటే గ్రాఫు వస్తుంది. ఉప్పు గ్లాసు ఆలస్యం చేస్తుంది, ఉప్పు ఈస్ట్ నుంచి నీళ్లు లాగేస్తుంది కాబట్టి. జొన్న గ్లాసులో పైన చిల్లులు, పగుళ్లు కనబడతాయి, ఎత్తు పెద్దగా మారదు. గ్యాసు పుట్టింది, ఆపేవాళ్లు లేక పోయింది.

చాలా వంటపాఠాలు అన్నీ బాగా వచ్చే బ్రెడ్డు చేయించి పంపిస్తాయి. పిల్లలు తింటారు, సంతోషిస్తారు, ఏమీ తెలుసుకోరు. చెడిన మూడు గ్లాసులు పక్కన లేకపోతే మంచి గ్లాసు ఏం చెప్పగలదు?

ఓవెన్ లేదని ఆగొద్దు. మందపాటి పాత గంజులో రెండు గుప్పెళ్ల ఇసుక పరిచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయండి. నూనె రాసిన గిన్నెలో పొంగిన పిండి ఉంచి సన్న సెగ మీద 35-40 నిమిషాలు. కుక్కరు వాడితే గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, ఈ భాగం పెద్దవాళ్లదే. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. ఇట్లా కాలిన బ్రెడ్డు అడుగు ఎర్రబడుతుంది, పైభాగం తెల్లగా ఉండిపోతుంది. దాన్ని పెనం మీద బోర్లిస్తే పైనా ఎర్రబడుతుంది. ఎందుకని? తడి ఉన్నంతవరకూ బ్రెడ్డు లోపల వేడి వంద డిగ్రీలు దాటదు. ఎండిన పైపొర 140 దాటాకే చక్కెరలు, ప్రోటీన్ ముక్కలు కలిసి ఎర్రని రంగు, ఆ వాసన ఇస్తాయి. దాన్ని 1912లో వివరించిన ఫ్రెంచి రసాయనవేత్త మయ్యార్ పేరుతోనే పిలుస్తారు. జొన్నరొట్టె మీద పడే నల్లమచ్చల దగ్గరా ఇదే వాసన. కాల్చేముందు, కాల్చాక తూకం వేస్తే పదోవంతుకు అటూఇటుగా బరువు తగ్గుతుంది. ఎక్కువభాగం నీటి ఆవిరి, కొంచెం ఆల్కహాల్.

బడిలో దీనికి చోటు లేదనలేం. పదో తరగతి జీవశాస్త్రం శ్వాసక్రియ పాఠంలో గ్లూకోజ్ ద్రావణం, ఈస్ట్, పైన పారఫిన్ పొరతో ప్రయోగం అచ్చయి ఉంది. చాలాచోట్ల అది నోట్సులో బొమ్మగానే మిగులుతుంది. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి మాత్రం ఏటా థర్మాకోల్ అగ్నిపర్వతాలు తయారు, సోడా, వెనిగర్ కలిపితే నిమిషంలో బుస్సుమని అయిపోయేవి. ఆ బల్ల మీదే నాలుగు గ్లాసులు పెట్టి, పావుగంటకోసారి ఎత్తు రాస్తే చూడటానికి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ తిరిగొచ్చి చూస్తారు.

మొదటి ఆదివారం ఇది అయ్యాక పిల్లలకు వదిలేయాల్సిన పరీక్ష ఒకటుంది. మైదాలో జొన్నపిండి ఎంతవరకు కలిపితే బ్రెడ్డు నిలుస్తుంది? పదో వంతు, ఐదో వంతు, మూడో వంతు, సగం, నాలుగు ముద్దలు. పదో వంతుకు తేడా పెద్దగా తెలియదు. సగం దగ్గర పొంగు పడిపోతుంది. ఆ మధ్యలో ఎక్కడ తెగుతుందో మీ గిర్ని పిండి, మీ నీళ్లు, మీ పిసుకుడు తేలుస్తాయి, పక్కింటివాళ్లకు వేరే అంకె రావచ్చు. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థలో నిపుణులు తలపట్టుకునేదీ ఇట్లాంటి లెక్కలతోనే. సగం జొన్నతో గట్టిగా వచ్చిన బ్రెడ్డును పారేయొద్దు. పలచగా కోసి పెనం మీద నూనె చుక్కతో కాల్చి పచ్చిపులుసుతో పెట్టండి, బాగుంటుంది.